రాత్రింబవళ్లు నారి బిగించి ఉంచిన విల్లా?

పౌరాణిక సీరియళ్లు తీసేవాళ్లకు ఒక్క విన్నపం. వీరుడు నిద్రపోతున్నప్పుడైనా ఆ వింటి నారి దించండి. వెదురు, కర్ర విళ్లను రోజుల తరబడి వంచి ఉంచితే అవి ఆ వంపులోనే ఉండిపోతాయి. ఆ మేరకు బాణం వేగం పడిపోతుంది. అవసరం పడినప్పుడు నారి ఎక్కించడమే అసలు విద్య. సీతా స్వయంవరంలోనూ, గ్రీకుల ఒడిస్సియస్ కథలోనూ మొదటి పరీక్ష అదే. విల్లు చేతికి రాగానే ఒడిస్సియస్ చేసిన పని, దాని కొమ్ముకు పురుగు పట్టిందేమోనని తిప్పి తిప్పి చూడటం. పనిముట్టు తెలిసినవాడి లక్షణం అది.

కొమ్ము ఎందుకంటే, కాంపోజిట్ విల్లు ఒంటి కర్ర కాదు. మధ్యలో పలుచని కర్ర, విలుకాడి వైపు కొమ్ము పట్టీలు, అవతలి వైపు పశువుల స్నాయువు, అంటే కండను ఎముకకు పట్టి ఉంచే గట్టి పీచు. విల్లు లాగితే లోపలి వైపు ఒత్తిడి, బయటి వైపు సాగుడు. ఈ రెంటినీ కొమ్ము, స్నాయువు ఓర్చుకున్నంతగా కర్ర ఓర్చుకోలేదు. అందుకే పొట్టి విల్లునైనా చాలా దూరం లాగవచ్చు, గుర్రం మీంచి వాడవచ్చు. ఎండిన స్నాయువును దంచి, పీచు తీసి, దువ్వి, వేడి జిగురులో ముంచి పొరలుగా పరవాలి. కింది పొర ఆరకముందే పైది వేస్తే లోపల తడి చిక్కుకుంటుంది. కొమ్ముకు వేలి జిడ్డు అంటినా చాలు, అక్కడ జిగురు పట్టదు, లాగినప్పుడు పట్టీ లేచిపోతుంది. తర్వాత నెలల తరబడి ఆరబెట్టాలి. తొందరపడి నారి ఎక్కిస్తే కొనలు మెలితిరుగుతాయి. ఇది కర్ర విల్లు కంటే ఎక్కువసేపు బిగింపును తట్టుకుంటుంది కాబట్టే మధ్య ఆసియా గడ్డి మైదానాల శక రౌతులు ఎక్కించిన విల్లునే నడుముకు కట్టిన ఒరలో పెట్టుకునేవాళ్లు. కానీ తోళ్ల నుంచో చేపల నుంచో తీసిన ఆ జిగురుకు నీళ్లంటే గండం.

"మన విల్లు గొప్పదా, వాళ్లదా" అన్న వాదన నాకు నచ్చదు. విల్లును అది నిలబడిన నేలతో కలిపి చూడాలి. భారతీయుల విల్లు మనిషెత్తు ఉండేదని, కింది కొనను నేలకు ఆనించి ఎడమ పాదంతో అదిమి లాగేవారని, బాణం మూడు మూరలకు కాస్తే తక్కువని గ్రీకు చరిత్రకారుడు అరియన్ రాశాడు. డాలు గానీ కవచం గానీ దాన్ని ఆపలేవని కూడా అన్నాడు. క్రీ.పూ. 326లో జీలం ఒడ్డున పోరస్ సైన్యం చేతిలో అలాంటి విళ్లే ఉన్నాయి. రాత్రంతా వాన. తెల్లవారేసరికి బురద. నేల జారుడుగా ఉండి విల్లు ఆన్చడం కుదరలేదని, గురిచూసేలోపే శత్రువు మీద పడ్డాడని రోమన్ చరిత్రకారుడు కర్టియస్ రాశాడు. అటు అలెగ్జాండర్ దాదాపు 1000 మంది గుర్రపు విలుకాళ్లను ముందుగా పోరస్ ఎడమ పక్క మీదికి వదిలాడు. వాళ్ల విల్లుకు నేలతో పనే లేదు.

వెదురు విల్లు చేతగానివాళ్ల పని అనడం కూడా తప్పే. అర్థశాస్త్రం తాటి, వెదురు, కర్ర, కొమ్ము అని నాలుగు రకాల విళ్లు చెప్పి, నారికి జిల్లేడు, జనుము, వెదురు, స్నాయువు లాంటివి వేరే చెప్పింది. తడిస్తే స్నాయువు నారి సాగిపోతుంది. అది తెలిసినవాడు వానాకాలంలో జనుమే ఎంచుకుంటాడు.

ఇంకొకటి. తెర మీద బాణం లేకుండా నారిని చెవిదాకా లాగి వదిలేస్తుంటారు. బాణం మోసుకుపోవాల్సిన బలమంతా తిరిగి విల్లుకే తగులుతుంది. నారి తగిలించే వింటి కొప్పులు చిట్లుతాయి, నారి తెగుతుంది, ఒక్కోసారి విల్లే విరుగుతుంది. టంకారం వినిపించాలంటే కొద్దిగా లాగి మీటితే చాలు.