సవరణ: బెంక్లర్ లినక్స్ చేసినాయన కాదు

మొన్న ఓపెన్ సోర్స్ (కోడ్‌ని ఎవరైనా చూసి, మార్చి వాడుకోగల సాఫ్ట్‌వేర్) పరిశోధన మీద పెట్టిన పోస్టులో యోకై బెంక్లర్ పేరు, అట్టాంటి ఆపరేటింగ్ సిస్టమ్ అయిన లినక్స్ పక్కనే ఉండేసరికి మన కావలి పిలకాయలు కొందరు ఆయనే లినక్స్ చేశాడనుకున్నారు, కాదబ్బా, 1991లో అది మొదలుపెట్టింది లైనస్ టోర్వాల్డ్స్. బెంక్లర్ హార్వర్డ్‌లో లా ప్రొఫెసర్. కంపెనీ ఆర్డర్ లేకుండా, మార్కెట్ రేటు చూసుకోకుండా లినక్స్ లాంటి వాటి మీద ఇంతమంది కలిసి ఎట్టా పనిచేస్తన్నారు అనేదే ఆయన ప్రశ్న, 2002లో యేల్ లా జర్నల్ పేపర్‌లో దానికి కామన్స్ బేస్డ్ పీర్ ప్రొడక్షన్ (అందరిదైన దాని మీద అందరూ సమానంగా కలిసి చేసే పని) అని పేరు పెట్టాడు. 2006లో రాసిన పుస్తకాన్ని కూడా క్రియేటివ్ కామన్స్ (పంచుకోవచ్చని ముందే అనుమతిచ్చే లైసెన్స్) కింద నెట్‌లో ఫ్రీగా ఇచ్చేశాడు, చెప్పింది చేశాడన్నమాట.

ఇంకోటి, ఇదంతా మన చెరువు నీళ్ళు పంచుకోవడమేగా అని ఒకన్న అడిగారు. సగమే అన్నా, ఉమ్మడిగా చూసుకోవడం వరకే. ఆ రకం ఉమ్మడి ఆస్తుల మీద పనిచేసింది ఎలినార్ ఆస్ట్రోమ్, 2009లో ఎకనామిక్స్ నోబెల్ వచ్చినామె. పైవాళ్ళు ఎక్కువ పారించుకుంటే కింది కయ్య ఎండిపోద్ది, అందుకే వంతులు, కాపలా, తగాదాలు. కోడ్‌ని ఎంతమంది కాపీ కొట్టినా తరగదు, కరువొచ్చేది దాన్ని చూసుకునే మనుషులకే.

సీఎస్ఈ చదవాలా అని అడిగిన ఒంగోలు తమ్ముడికి: దీని మీద పీహెచ్‌డీ చేసేదానికి సీఎస్ఈనే చదవాలనేం లేదు, బెంక్లర్‌ది లా, ఆస్ట్రోమ్‌ది పొలిటికల్ సైన్స్.