బొమ్మ చూసి సమాధి అనేయకండి

మెక్సికో, గ్వాటెమాలా ప్రాంతాల్లోని ప్రాచీన మాయా జనం చేసిన మట్టిబొమ్మ ఫొటో ఎక్కడ కనబడినా కింద ఒకటే రాత: "చనిపోయినవాళ్లతో పాతిపెట్టిన బొమ్మ". అది ఏ గోతిలో, ఎవరి ఎముకల పక్కన దొరికింది? జవాబు లేనప్పుడు ఆ మాట రాయకండి.

ఈ రాత రావడానికి కారణం మెక్సికోలో కాంపెచే తీరాన ఉన్న చిన్న దీవి, జైనా. జైనమతంతో సంబంధం లేదు. సుమారు క్రీ.శ. 600–900 మధ్య అక్కడ శవాన్ని మోకాళ్లు ముడిచి బట్టలో చుట్టి పాతేవారు. చాలా గోతుల్లో నోట్లో పచ్చరాతి పూస, తలమీద బోర్లించిన గిన్నె, చేతుల్లోనో రొమ్ముమీదో బొమ్మ. ఎక్కువగా జానెడు లోపే. చాలావాటికి కడుపు బోలు, ఊదితే ఈల, లేదా ఊపితే గిలక్కాయ.

అచ్చు బొమ్మలకు ముందు భాగం అచ్చులో ఒత్తి, వెనక మట్టి పలక మూసి, తలపాగా, చెవికమ్మలు చేత్తో అతికించేవారు. గోడ ఒకచోట దళసరి, ఒకచోట పలచన అయితే ఆరేటప్పుడే పగులుతుంది. లోపల తడి మిగిలితే కాల్పులో ఆవిరై పేలుస్తుంది. నీలిమందునూ పాలిగోర్స్కైట్ అనే మట్టినీ కలిపి వేడిచేసిన మాయా నీలం కాల్చాకే పూసేవారు. ఆ రంగు ఆమ్లాలకు కూడా లొంగదు, కానీ మట్టిని పట్టుకున్న పొర పెళుసు. దొంగ సరుకు వ్యాపారి బ్రష్‌తో తోమి కడిగితే రంగు రాలిపోతుంది, కడుపులోని సమాధి మన్నూ పోతుంది.

ఇక సమాధులే కాదు. మాయా ఊళ్లలో ఇలాంటి బొమ్మలు ఇళ్లలోనూ చెత్తకుప్పల్లోనూ ముక్కలుగా బోలెడు దొరికాయి. గ్వాటెమాలాలోని అగ్వతేకా అనే మాయా ఊరి మీద క్రీ.శ. 810 ప్రాంతంలో దాడి జరిగి జనం ఉన్నపళంగా పారిపోతే, బొమ్మలు ఇళ్లలోనే మిగిలాయి. ఊదుకున్నవీ ఆడుకున్నవీ ఉండవా?

అదే దేశంలో ఎల్ పెరూ-వాకా అనే పాత మాయా నగరంలోని రాజసమాధిలో 2006లో 23 బొమ్మలు ఒకే గుంపుగా, పేర్చినవి పేర్చినట్టే బయటపడ్డాయి. రాజు, రాణి, మరుగుజ్జులు, మోకరిల్లిన మనిషి, అతని వెనక జింక రూపంలోని దైవం. ఎక్కడున్నది అక్కడే గుర్తించి తీశారు కాబట్టే, చనిపోయిన రాజును తిరిగి లేపే కర్మ అని పరిశోధకులు చదవగలిగారు. దొంగ పారకు చిక్కి విడివిడిగా అమ్ముడైతే ఆ మరుగుజ్జు అలమరలో ఒక ముద్దొచ్చే బొమ్మ, అంతే.

ల్యాబు పరీక్ష ఉందిగా అంటారు. థర్మోలూమినెసెన్స్ చెప్పేది మట్టి చివరిసారి కాలిన కాలం. న్యూట్రాన్ పరీక్ష మట్టి ఏ ప్రాంతానిదో సూచిస్తుంది. ఎవరి చేతుల్లో పెట్టారో రెండూ చెప్పవు. జైనా శైలి బొమ్మలు మెక్సికోలోనే టబాస్కో రాష్ట్రంలోని హోనూతాలోనూ తయారయ్యాయి, కాబట్టి శైలి చూసి దీవి పేరు తగిలించడమూ తప్పే.

మ్యూజియం చీటీ అయినా, మీ పోస్టు అయినా ఇలా రాయండి: "జైనా శైలి. దొరికిన చోటు తెలియదు. తవ్వకం నమోదు లేదు."