మధ్యాహ్నపు అండ, తెల్లారుజాము ఆక్సిజన్

నలభై ఐదేళ్లు దాటాక మేనేజరు మొహం చూడబుద్ధికాక ఉద్యోగం మానేసిన నెల్లూరు మనిషికి దారులు రెండే. రియల్ ఎస్టేటు, లేదంటే రొయ్యల గుంట. మొదటిదానికి తెల్ల చొక్కా చాలు. రెండోదానికి వెనక జనం ఉండాలి. ఆ జనాన్ని కొలిచే శాస్త్రం లేకపోవడం జిల్లాకే చిన్నతనం కాబట్టి ఆ లోటు ఇక్కడ పూడుస్తున్నాం.

గుంట నీళ్లలో ఆక్సిజన్ మధ్యాహ్నం మూడింటికి దండిగా ఉంటుంది. ఎండ ఉన్నంతసేపూ నీళ్లలోని కంటికానని నాచు, అదే ప్లాంక్టన్, దాన్ని వదుల్తుంది. పొద్దుగూకాక అదే ప్లాంక్టన్ రొయ్యలతో పోటీపడి పీలుస్తుంది. తెల్లారుజామున మూడూ ఐదూ మధ్య నిల్వ అడుగంటుతుంది. లీటరుకు 4 మిల్లీగ్రాముల పైన ఉంటే కునుకు తియ్యొచ్చు. 3 కిందికి దిగిందా, రొయ్యలు పైకి తేలి గట్టు వారకి వచ్చేస్తాయి.

బంధువుల అండ కూడా అచ్చం ఇలాగే నడుస్తుంది. మధ్యాహ్నం మాగుంట లేఔట్‌లో టీ తాగుతూ "దిగు బావా, మేమంతా లేమా ఏంది" అన్న బావమరిదే, తెల్లారుజామున ఇందుకూరుపేట గట్టు మీద నుంచి ఫోన్ కొడితే స్విచాఫ్. ఆయన్ని అనుకోకూడదు. ఎండ లేదు కదా.

కాబట్టి రాజీనామా ఇవ్వకముందే, తెల్లారుజామున మూడింటికి, అండ ఇస్తామన్న ప్రతివాడికీ ఒక ఫోన్ కొట్టి చూడాలి. ఎత్తి బూతులు తిట్టినవాణ్ణి వదులుకోకూడదు. కనీసం ఎత్తాడు.

ఎత్తినవాడు వచ్చి ఏం చెయ్యాలన్నది అసలు సంగతి. ఎకరాకి లక్షన్నర రొయ్య పిల్లల్ని వదిలి, పదికి ఎనిమిది బతికి, 50 కౌంటుకొస్తే, అంటే కేజీకి యాభై తూగితే, 2400 కేజీల సరుకు. 400, 500 కేజీలకు ఒక హెచ్‌పీ చొప్పున నీళ్లు చిలికి గాలి కలిపే ఏరియేటర్లు ఐదారు హెచ్‌పీలవి తిరగాలి. కరెంటు పోగానే జెనరేటరు వేసి అన్ని స్విచ్చులూ ఒకేసారి నొక్కితే, మోటార్లు మొదట్లో లాగే లోడుకి ఇంజన్ చచ్చి ఊరుకుంటుంది. ఒక్కొక్కటే వెయ్యాలి. జెనరేటర్ని వారానికోసారి ఉత్తినే పది నిమిషాలు నడపకపోతే కావాల్సిన రాత్రే బ్యాటరీ చేతులెత్తేస్తుంది. ఆ రాత్రి ఎక్కువగా అమావాస్యో పౌర్ణమో అయి ఉంటుంది. రొయ్యలు పాత గుల్ల (పైపెంకు) విడిచేది ఎక్కువగా అప్పుడే, గుల్ల విడిచే రొయ్యకి ఆక్సిజన్ ఇంకా ఎక్కువ కావాలి మరి. ఇదంతా తెలిసినవాడు గుడిసెలో పడుకునే కాపలా మనిషి. ఎంబీఏ చదివిన తోడల్లుడికి డీజిల్ మూత ఎటు తిప్పాలో తెలియదు. అయినా పండక్కి ప్యాంటూ చొక్కా తోడల్లుడికే పెడతాం.

సలహాలు మేతలాంటివి. ఎంత తిన్నాయో చూడ్డానికి గుంటలో దించే చెక్ ట్రేలో రెండు గంటలకీ మేత మిగిలిందంటే తర్వాతి పూట తగ్గించాలి. లేకపోతే అది అడుగున కుళ్లి, ఉన్న ఆక్సిజన్ తినేసి అమ్మోనియా కక్కుతుంది. మామగారి సలహాలకి చెక్ ట్రే పెట్టే పద్ధతి ఇంకా ఎవరూ కనిపెట్టలేదు.

డబ్బు దగ్గర ప్రేమ ఇంకా చిక్కనవుతుంది. "నీకు కాబట్టి రూపాయిన్నర" అంటాడు పెదనాన్న కొడుకు. అంటే ఏడాదికి 18 శాతం ఆప్యాయత, ప్రోనోటు మీద. బ్యాంకులో హామీ సంతకం అడిగిన రోజు మాత్రం అందరికీ కుడి చెయ్యి బెణుకుతుంది. బెణకడమే న్యాయం. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం హామీదారు బాధ్యత, అప్పు తీసుకున్నవాడి బాధ్యత సమానం. బ్యాంకు ముందుగా హామీదారు ఇంటికే వచ్చినా కాదనడానికి లేదు.

అన్నిటికంటే నమ్మకమైన ఆత్మీయుడు మేత డీలరు. పిల్ల వదిలిన రోజు నుంచి పట్టుబడి దాకా, అంటే వల వేసి సరుకు తీసేదాకా, పిల్లల చదువులు, అమ్మ మోకాళ్లు, అన్నీ అడుగుతాడు. ఎకరాకి మూడు టన్నులు దాటే మేత అరువిస్తాడు. నగదు ధరకీ అరువు ధరకీ తేడా ఎంతో, సరుకు ఆయన చెప్పినవాళ్లకే అమ్మాలో లేదో మొదటి బస్తా దిగకముందే కాగితం మీద రాయించుకోవాలి. రాయించుకోరు. మొహమాటం.

ఉద్యోగం వదిలేటప్పుడు ఇంకో చిన్న పని: కంపెనీ ఇచ్చిన గ్రూపు ఆరోగ్య బీమా ఉద్యోగంతోనే పోతుంది. వెళ్లకముందే దాన్ని అదే బీమా సంస్థలో సొంత పాలసీగా మార్చమని అడగాలి. కొత్తగా తీసుకుంటే పాత బీపీ, షుగరులకు మూడేళ్ల దాకా పైసా రాకపోవచ్చు. గుంట వేశాక ఆ రెండూ రావడం ఎలాగూ తప్పదు. ఇంటావిడకి టీచరు ఉద్యోగం ఉంటే అసలు జెనరేటరు అదే. దాని శబ్దం ఎవరికీ వినపడదు గనక లెక్కలోకి రాదు.

2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి ఎక్కించినప్పుడు, ట్రంపు చేసినదానికి కూడా ఇంట్లో గుంట వేసినవాడే సంజాయిషీ చెప్పుకోవాల్సి వచ్చింది. "మేం ముందే చెప్పలా" అన్న మాట సుంకం కంటే ముందే ఊరంతా తిరిగింది.

పట్టుబడి రోజు మాత్రం అండ సంపూర్ణం. తెల్లారకముందే, ఆక్సిజన్ అడుగంటే ఆ వేళకే, బావమరిది, తోడల్లుడు, పెదనాన్న కొడుకు గట్టు మీద ఉంటారు. ఒక్కో ఇంటికి రెండు కేజీల చొప్పున పెద్ద రొయ్యలు వేరే తీసిపెట్టాలి. ఐసు డబ్బాలు వాళ్లే తెచ్చుకుంటారు.