ప్రతి పదోవాడూ

మా అమ్మాయి పెళ్లికి నెల రోజులుందనగా, తిరుచానూరు రోడ్డులో మేము మాట్లాడుకున్న కల్యాణ మండపం మేనేజరు 250 ఆకులకు మించి వేయనివ్వనని తాపీగా సెలవిచ్చాడు. అడ్వాన్సు పుచ్చుకున్న రోజున ఆ నోట ఈ అంకె రాలేదు. మా జాబితాలో ఉన్నవి 470 పేర్లు. బెంగళూరులో ఉన్న మా అబ్బాయికి సంగతి చెబితే, ఏదో మీటింగులో ఉండి, "లిస్టును డెసిమేట్ చేసేయండి నాన్నా" అని సందేశం పంపి చేతులు దులుపుకున్నాడు.

ముప్ఫై ఒక్క సంవత్సరాలు ఆంగ్లం బోధించి రిటైరైన వాడికి ఇటువంటి మాట పంపకూడదు. 'డెసిమేట్' పుట్టింది లాటిన్ 'డెకెమ్' నుండి, 'డెకెమ్' అంటే పది. వెన్ను చూపిన దళాన్ని పదేసి మందిగా విడగొట్టి, చీట్లు తీయించి, చీటీ పడినవాడిని మిగిలిన తొమ్మిదిమంది చేతనే కొట్టించి చంపడం రోమన్ సైన్యంలో ఒక శిక్ష, క్రీ.పూ. 71 ప్రాంతంలో తిరగబడ్డ బానిసల నాయకుడు స్పార్టకస్ మనుషులకు జడిసి పారిపోయి వచ్చిన వారిలో 500 మందిని రోమన్ సేనాని క్రాసస్ యాభై గుంపులు చేసి, గుంపుకొకడిని ఇలాగే చంపించాడు. ఇప్పుడందరూ ఈ మాటను సగానికి సగం తుడిచిపెట్టడమనే అర్థంలో వాడుతున్నారనీ, నిఘంటువులు కూడా ఒప్పుకున్నాయనీ నాకు తెలియకపోలేదు. ఒప్పుకోవడానికి నేను నిఘంటువును కాను.

కనుక ఎర్ర సిరా కలం తీశాను. రోమన్లు ముఖాలు చూసి చీట్లు తీయించలేదు కాబట్టి నేనూ మొహమాటానికి తావివ్వకూడదని, పేర్ల మీద పంచాంగం అడ్డంగా పెట్టి, ఎడమవైపు వరుస సంఖ్యలు మాత్రమే కనబడేలా చూసుకుని, సున్నాతో ముగిసే ప్రతి సంఖ్య దగ్గరా పంచాంగం కింది నుండి స్కేలు దూర్చి గీత గీశాను. నడుమ మా శ్రీమతి కాఫీ తెచ్చి, ముహూర్తం మారిందేమోనని కంగారుపడి వెళ్లింది. నలభై ఏడు గీతలు, ఒక్కటీ వంకర పోలేదు. శుభలేఖలు పంచే మా తమ్ముడి కొడుకు ఎర్ర గీత ఉన్న ఇంటి గడప తొక్కలేదు.

నిన్న సాయంత్రం చిత్తూరు నుండి మా పెద్ద బావమరిది ఫోను చేశాడు. "శుభలేఖలు ఊరంతా తిరుగుతున్నాయట, మా వీధికే దారి తెలియలేదా బావా? పెళ్లికూతురి బుట్ట మోయడానికి కూలి మనిషిని మాట్లాడుకున్నారా?" అన్నాడు. మేనమామది పదో నంబరు. నేను తడబడి రోము చరిత్ర మొత్తం వినిపించాను. ఓపికగా విని, "అయితే నాకు పైనున్న తొమ్మిదిమందీ కలిసి నన్ను కొట్టి చంపాలన్నమాట" అన్నాడు. ఆ తొమ్మిదిమందిలో మొదటి పేరు అతడి కన్నతల్లిది.

అబ్బాయికి ఫోను చేస్తే, సగానికి పైగా తీసేయమన్నాను గానీ లెక్కల పరీక్ష రాయమన్నానా అని విసుక్కున్నాడు. తెలుగులో 'తగ్గించండి' అని ఏడిస్తే సరిపోయేది కదా. మిగిలిన 423 మందిని ఏం చేయాలో మేనేజరునే అడుగుదామని బయలుదేరబోతుండగా, మా శ్రీమతి జాబితా చివరి పేజీ పట్టుకుని వచ్చింది. లెక్క నిండుగా ఉండాలని అందరి తరువాత, 470వ పేరుగా, ఆమె నన్ను రాసిందట.

"ఏమండీ, మరి కన్యాదానం ఎవరు చేస్తారు?" అని అడిగింది.