ఆట మొదలైపోతుంది, జాగ్రత్త!

ఆన్‌లైన్‌లో డంజియన్స్ అండ్ డ్రాగన్స్ ఆడదామనుకునేవాళ్ళు ఈమధ్య ఒక ప్రమాదకరమైన ప్రశ్న అడుగుతున్నారు. "వాడటానికి అన్నిటికంటే తేలికైన వర్చువల్ టేబుల్‌టాప్ ఏది?" అని. పైకి అమాయకంగానే ఉంటుంది. కానీ బాధ్యత గల పౌరుడిగా దాని వెనకున్న ముప్పు చెప్పకుండా ఉండలేను. తేలికైనది దొరికిందంటే ఆ వారమే ఆట మొదలుపెట్టాలి. ఆట మొదలైందంటే ఇన్నాళ్ళూ వాట్సాప్ గ్రూపులో మనం చేసిన పోలికలు, పంచుకున్న యూట్యూబ్ లింకులు, అర్ధరాత్రి దాకా నడిపిన వాదోపవాదాలు అన్నీ గంగలో కలిసినట్టే.

తెలియనివాళ్ళకు నాలుగు ముక్కలు. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ ఈ ఆటను అచ్చువేసినప్పుడు కావలసినవి కాగితం, పెన్సిలు, పాచికలు, చుట్టూ కూర్చోవడానికి నలుగురు మనుషులు. ఒకరు కథ నడుపుతారు, ఆయన గేమ్ మాస్టర్. మిగతావాళ్ళు తలా ఒక పాత్ర. "తలుపు తన్నుతాను" అని ఒకడంటే, ఇరవై ముఖాల పాచిక వేసి విరిగింది తలుపో కాలో తేలుస్తారు. ఇప్పుడు ఆ నలుగురిలో ఒకడు కూకట్‌పల్లిలో, ఒకడు బెంగళూరులో, ఒకడు డల్లాస్‌లో ఉంటున్నాడు కాబట్టి బల్ల తెర మీదకొచ్చింది, అదే వర్చువల్ టేబుల్‌టాప్. ఒక మ్యాప్, దాని మీద పాత్రలకు గుర్తులుగా కదిలే టోకెన్లు, పాచికలు, పాత్రల బలాబలాలు రాసుకునే క్యారెక్టర్ షీట్లు. ఇంతే. ఈ ఇంతలోనే ఏళ్ళకు సరిపడా పని దాగి ఉందని పెద్దలు ఎప్పుడో గ్రహించారు.

ఆ పనికి ఎసరు పెట్టినవాళ్ళలో మొదటి ముద్దాయి ఔల్‌బేర్ రోడియో. దీని వ్యవహారం చూడండి. డౌన్‌లోడ్ లేదు, బ్రౌజర్‌లో తెరుచుకుంటుంది. గేమ్ మాస్టర్ ఒక మ్యాప్ బొమ్మ ఎక్కించి, నాలుగు టోకెన్లు పెట్టి, గ్రూపులో లింకు పడేస్తాడు. లింకు నొక్కినవాడు లోపలుంటాడు. ఇంకా చూడని గదుల మీద నల్లటి ముసుగు కప్పి, పాత్రలు ముందుకెళ్ళేకొద్దీ దాన్ని తీసేయొచ్చు. క్యారెక్టర్ షీట్ ఏదీ అంటే, మీ కాగితం మీ దగ్గరుందిగా, చూసుకోండి అన్న ధోరణి. మెట్రోలో నిలబడి ఇంటికెళ్తున్న మనిషి కూడా ఫోన్‌లో తెరిచి "నేను గాబ్లిన్‌ని కొడుతున్నా" అనగలడు. ఇది న్యాయమేనా? శుక్రవారం రాత్రి పదింటికే అన్నీ సిద్ధమైపోతే తెల్లవార్లూ గేమ్ మాస్టర్ ఏం చేయాలి? కథ ఆలోచించాలా?

రోల్20 కొంత నయం. 2012లో కిక్‌స్టార్టర్‌లో జనం ఇచ్చిన డబ్బుతో మొదలైన ఈ సైటు కూడా బ్రౌజర్‌లోనే నడుస్తుంది, ఉచితంగానే మొదలుపెట్టొచ్చు. అది దాని బలహీనత. కానీ లోపల తగినన్ని మెనూలున్నాయి. షీట్‌లో కత్తి పేరు మీద నొక్కితే పాచిక పడి, కలపాల్సిన అంకెలు కూడా అదే కలిపేస్తుంది. ఆ నొక్కే చోటు ఎక్కడుందో వివరించడానికి ప్రతి సెషన్‌లో మొదటి అరగంటను గౌరవప్రదంగా ఖర్చు చేయొచ్చు. మ్యాప్ మీద గడులు ఉండనే ఉన్నాయి. రోల్20 గడి మామూలుగా 70 పిక్సెళ్ళు. నెట్‌లో దొరికిన మ్యాప్ గీసినవాడు ఏ లెక్కన గీశాడో వాడికే ఎరుక. మొదటి గడి దగ్గర వెంట్రుకవాసి తేడా ఉంటుంది, ఇరవయ్యో గడికొచ్చేసరికి యోధుడు సగం గదిలో, సగం గోడలో నిలబడతాడు. డైనమిక్ లైటింగ్ కూడా ఉంది. అసలు మనం కళ్ళు తెరవాల్సింది ఇక్కడే.

డైనమిక్ లైటింగ్ అంటే ఏ టోకెన్‌కి ఎంత కనబడాలో అంతే కనబడటం. చేతిలో కాగడా ఉంటే కాగడా వెలుగు పడినంత మేర, డ్వార్ఫ్ అనే పొట్టి జాతి పాత్ర అయితే చీకట్లో కూడా కొంత దూరం, గోడ అడ్డొస్తే సున్నా. వినడానికి బ్రహ్మాండం. అయితే గోడ ఎక్కడుందో కంప్యూటర్‌కి తెలియదు, దాని కంటికి మ్యాప్ ఒట్టి బొమ్మ. అందుకని గేమ్ మాస్టరే మౌస్ పట్టుకుని ప్రతి గోడ మీదా గీత గీయాలి. తలుపుకి వేరే, కిటికీకి వేరే. గుహ అయితే మరీ మంచిది, తిన్నటి గోడ ఒక్కటీ ఉండదు. మా గేమ్ మాస్టర్ అలాంటి గుహకు గీతలు గీస్తూ ఒక పండగ సెలవు మొత్తం గడిపాడు. తీరా ఒక మూల రెండు గీతలు కలవలేదు. పిక్సెలంత సందు. కాగడా వెలుగు ఆ సందులోంచి సన్నటి చారలా పక్క గదిలోకి జారి, అక్కడ పడుకున్న డ్రాగన్ తోక మీద పడింది.

"అదేంటి మామా, పచ్చగా?"

"ఏం లేదు. తీగ."

"తీగకి పొలుసులుంటాయా?"

అందరూ ఏకగ్రీవంగా ఊళ్ళోకి తిరిగొచ్చేశారు. తర్వాతి కథంతా ఆ ఊరి సత్రంలోనే జరిగింది. ఆ సత్రానికి గోడలు గీసి లేవు.

పాచికల విషయంలో సాఫ్ట్‌వేర్‌వాళ్ళు చేసిన మేలు మరిచిపోకూడదు. రోల్20 వాళ్ళు ఒక కాంతిపుంజాన్ని రెండుగా చీల్చి, దాని హెచ్చుతగ్గుల నుంచి అంకెలు తీస్తారట. దానికి క్వాంటమ్‌రోల్ అని పేరు. భౌతికశాస్త్రం ఇంత దిగొచ్చినా, వరసగా మూడుసార్లు 1 పడిన ఆటగాడు అనే మాట ఒక్కటే: "సైటే తేడాగా ఉంది." ఆడలేక మద్దెల ఓడనడానికి పూర్వం కనీసం మద్దెల ఎదురుగా ఉండేది. ఇప్పుడు అమెరికాలో ఎక్కడో ఉన్న సర్వర్‌కి శకుని పూనాడని తీర్మానిస్తున్నారు.

ఇక ఆట మొదలుకాకుండా కాపాడటంలో ఫౌండ్రీ అనే టేబుల్‌టాప్‌కి సాటి లేదు. 2020లో వచ్చింది. ఒక్కసారి 50 డాలర్లు, అదీ గేమ్ మాస్టర్ ఒక్కడు కడితే చాలు, ఆటగాళ్ళు బ్రౌజర్‌లో వచ్చేస్తారు. రాగలిగితే. సర్వర్ మీ ఇంట్లో మీ లాప్‌టాప్‌లోనే ఉంటుంది కాబట్టి బయటివాళ్ళు రావాలంటే రూటర్‌లో 30000 నంబరు పోర్టు, అంటే లోపలికొచ్చే తలుపు, తెరవాలి. తెరిచినా లాభం లేని ఇళ్ళే మన దగ్గర ఎక్కువ. ఒకే పబ్లిక్ ఐపీ అడ్రసును ఇంటర్నెట్ కంపెనీ బోలెడన్ని ఇళ్ళకు పంచుతుంది. డల్లాస్ నుంచి బయల్దేరిన మాంత్రికుడికి మన గుమ్మం దొరకదు. స్టాటిక్ ఐపీ, అంటే మనకే సొంతమైన మారని అడ్రసు, కావాలని ఇంటర్నెట్ కుర్రాడికి ఫోన్ చేస్తే సంభాషణ ఇలా సాగుతుంది:

"సీసీ కెమెరాలు పెట్టిస్తున్నారా సార్?"

"కాదు తమ్ముడూ, గాబ్లిన్లకి."

"ఎన్ని కెమెరాలు సార్?"

నెలకింత అని సర్వర్ అద్దెకిచ్చేవాళ్ళున్నారు. అది పిరికివాళ్ళ దారి. ధైర్యవంతులు లినక్స్ నేర్చుకుంటారు. తర్వాత మాడ్యూళ్ళు. తలుపు తీస్తే కిర్రుమనడానికి ఒకటి, వాన కురవడానికి ఒకటి, పాచిక తెర మీద దొర్లడానికి ఒకటి. అన్నీ అమర్చుకున్నాక సాఫ్ట్‌వేర్ పెద్ద వెర్షన్ మారుతుంది, పాతవాటిలో కొన్ని పడకేస్తాయి, వాటిని రాసినవాళ్ళు తీరిక చేసుకుని బాగుచేసేదాకా ఆగాలి. బ్యాకప్ తీసుకోకుండా అప్‌డేట్ నొక్కొద్దని ఫౌండ్రీవాళ్ళు మొత్తుకుంటూనే ఉంటారు. ఏ గేమ్ మాస్టరూ ఆ మాట విని చేతికొచ్చిన అవకాశం పాడుచేసుకోడు. పాత్రలు ఒక్కటీ తయారుకాలేదు గానీ మా దగ్గర వాన మాత్రం మూడు రకాలుగా కురుస్తుంది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

మిగతావాటిలో ఫాంటసీ గ్రౌండ్స్ 2004 నుంచీ ఉంది, కిటికీ మీద కిటికీ తెరుస్తూ పోవాలి, పెద్దలంటే గౌరవం ఉన్నవాళ్ళు వాడతారు. టేబుల్‌టాప్ సిమ్యులేటర్‌లో బల్లను ఎత్తి బోర్లా పడేసే సదుపాయం ఉంది. మిగతా కంపెనీలేవీ ఆటగాడి మనసును ఇంత లోతుగా చదవలేదు.

ఆట హక్కులున్న విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ చూపిన చిత్తశుద్ధి వేరు. 2023 జనవరిలో వాళ్ళు వర్చువల్ టేబుల్‌టాప్‌ల మీద ఒక విధానం ముసాయిదా విడుదల చేశారు. మ్యాజిక్ మిసైల్ అనే మంత్రం వేసినప్పుడు తెర మీద బాణం దూసుకెళ్ళే యానిమేషన్ చూపిస్తే, అది భోజనాల బల్ల దగ్గర ఆడిన అనుభవం కాదు కాబట్టి కుదరదన్నారు. బాణాన్ని ఎవరికి వారు ఊహించుకోవాలి. జనం గోలపెట్టేసరికి ఆ నెల తిరక్కుండానే వెనక్కి తగ్గారు, మూల నియమాలను క్రియేటివ్ కామన్స్ కింద అందరికీ వదిలేశారు. ఊహాశక్తి మీద అంత ప్రేమ ఉన్న ఆ కంపెనీయే తర్వాత వీడియోగేములు కట్టే అన్‌రియల్ ఇంజిన్ మీద సిజిల్ అనే త్రీడీ టేబుల్‌టాప్ కట్టింది. 2025 ఫిబ్రవరిలో విడుదల. మార్చిలో దాన్ని కట్టినవాళ్ళలో ఎక్కువమందిని ఇంటికి పంపేశారు. ఇక మిగిలింది ఊహించుకోవడమే.

ఏ సాఫ్ట్‌వేర్ ఎంచుకున్నా మనకు కొండంత అండ ఒకటుంది, గడియారం. డల్లాస్‌లో శనివారం రాత్రి తొమ్మిదంటే హైదరాబాద్‌లో ఆదివారం పొద్దున ఏడున్నర. నవంబరులో వాళ్ళు గడియారం వెనక్కి తిప్పుకోగానే ఎనిమిదిన్నర. అది మటన్ షాపు దగ్గర నిలబడే సమయమని ఏ అమెరికా కంపెనీకీ తెలియదు. మా యోధుడు ఎన్నో యుద్ధాల్లో "మేక కాలు వైపు కొట్టు అన్నా" అని అరిచాడు, మైక్ మ్యూట్ చేయడం మరిచిపోయి. గేమ్ మాస్టర్ దాన్ని దాడిగా లెక్కవేసి పాచిక వేశాడు కూడా.

ఇంత పకడ్బందీగా ఉన్న వ్యవస్థకు మొన్న మా గ్రూపులోనే ద్రోహం జరిగింది. కొత్తగా చేరిన ఒక అమ్మాయి, పెద్దల చర్చ నడుస్తుండగా, "అన్నయ్యా, దీంట్లో ఆడదామా?" అని ఔల్‌బేర్ లింకు పెట్టింది. అడ్డుకునేలోపే అందరూ నొక్కేశారు. మ్యాప్‌లో వెలుగూ లేదు, వానా లేదు, తలుపులు కిర్రుమనలేదు. టిఫిన్ వేళకు రెండు గాబ్లిన్లు చచ్చాయి, ఒక పెట్టె దొరికింది. వచ్చేవారం కూడా ఆడదామంటున్నారు. మటన్ షాపుకి తమ్ముణ్ణి పంపిస్తానని యోధుడు మాటిచ్చాడు. గ్రూపులో సాఫ్ట్‌వేర్ గురించి అప్పట్నుంచి ఒక్క మెసేజ్ లేదు.

నేను మాత్రం ఆశ వదులుకోలేదు. గేమ్ మాస్టర్‌కి విడిగా మెసేజ్ పెట్టాను: "మామా, ఫౌండ్రీ కొత్త వెర్షన్‌లో లైటింగ్ అదిరిపోయిందట, చూశావా?" నీలం టిక్కులు పడ్డాయి. నిమిషంలో జవాబొచ్చింది.

"ఆగు, లాప్‌టాప్ తీస్తున్నా. వాళ్ళకి చెప్పకు."