ఓదార్పు కూడా రెడీమేడేనా?

మా పెద్దమ్మ పోయిందని ఫ్యామిలీ గ్రూపులో పెడితే నలభై మంది "ఓం శాంతి" అన్నరు. అందరిదీ అదే మాట, అదే దండం బొమ్మ. ఎండాకాలం సెలవులన్నీ ఆమె ఇంట్లనే గడిపిండ్రు గదా, ఆమె చేతి సకినాలు ఒక్కరికన్నా యాదికి రాలేదా?

2009లో ఫేస్‌బుక్ లైక్ బటన్ తెచ్చింది. 2016లో ప్రేమ, నవ్వు, ఆశ్చర్యం, బాధ, కోపం అని ఇంకో ఐదు కలిపింది. మనిషి మనసంతా ఈ కొన్ని బొమ్మల్ల పడుతదా? మెయిల్ తెరిస్తే జవాబు ముందే రాసి ఉంటది, నొక్కుడే!

కీబోర్డు మరీ ఘోరం. "అస్తున్న" అని కొడితే "వస్తున్నాను" అని మారుస్తది. ఎవరు అడిగిండ్రు? మా కరీంనగర్ మాట తప్పెట్లయితది? పెద్దమ్మ ఫోన్ల "అస్తున్న బిడ్డా" అనేది. దాన్ని దిద్దుతవా నువ్వు?