రీస్టోర్ అడగడం మర్యాద కాదు

బెంజ్ సర్కిల్ నుంచి గొల్లపూడి దాకా రోడ్డు పక్క బోర్డులు చదువుకుంటూ వెళ్లండి. రెండు బోర్డులకొకటి చొప్పున చివర ‘ఎంటర్‌ప్రైజెస్’ అని ఉంటుంది. మోటారు పంపులు అమ్మేవాడూ ఎంటర్‌ప్రైజెసే, ప్లాస్టిక్ బకెట్లు అమ్మేవాడూ ఎంటర్‌ప్రైజెసే. కాబట్టి ఎంటర్‌ప్రైజ్ బ్యాకప్ అనే శాస్త్రం గురించి మాట్లాడే హక్కు కాలిఫోర్నియా వాడికన్నా బెజవాడ వాడికే ఎక్కువని నా మనవి. నేను పదకొండేళ్లుగా ఒకానొక ఎంటర్‌ప్రైజెస్‌లో ‘సిస్టం అబ్బాయి’ని. వయసు నలభై ఆరు. ఈ ఉద్యోగంలో అబ్బాయితనానికి రిటైర్మెంట్ లేదు.

ముందు సిద్ధాంతం చెబుతాను. బ్యాకప్ తీయడం, అంటే అసలుది పోతే పనికొస్తుందని డేటాకి ఇంకో కాపీ పెట్టుకోవడం, నమ్మకం. తీసినదాన్ని రీస్టోర్ చేసి, అంటే ఆ కాపీ నుంచి డేటాని మళ్లీ లేపి, చూపించమనడం అనుమానం. పెళ్లయిన పదేళ్లకు అల్లుణ్ణి కూర్చోబెట్టి డిగ్రీ సర్టిఫికెట్ చూపించమని అడుగుతామా? అడగం. చూపిస్తే పరవాలేదు, చూపించలేకపోతేనే కదా అందరికీ ఇబ్బంది. బ్యాకప్ కూడా అల్లుడే. రోజూ రాత్రి 9:40కి ‘బ్యాకప్ విజయవంతం’ అని ఆకుపచ్చ టిక్కుతో మెసేజ్ వస్తుంది. ఓనరుగారు దానికి దండం బొమ్మ పెడతారు. ఇంతకన్నా ఏం కావాలి?

కానీ హైదరాబాద్ నుంచి ఒక కుర్రాడు టై కట్టుకుని వచ్చాడు, మాకు బ్యాకప్ సిస్టం డిజైన్ చేస్తానని. వచ్చీ రాగానే రెండు ప్రశ్నలు వేశాడు. మీ ఆర్‌పీఓ ఎంత, మీ ఆర్‌టీఓ ఎంత? ఆర్‌టీఓ అనగానే ఓనరుగారు సొరుగు లాగి వ్యాన్ల ఫిట్‌నెస్ కాగితాలు బయటికి తీశారు. కాదండీ అని కుర్రాడు ఓపిగ్గా విడమరిచాడు. ప్రమాదం జరిగితే ఎన్ని గంటల డేటా పోయినా తట్టుకోగలరు, అది ఆర్‌పీఓ. మళ్లీ బిల్లు కొట్టడానికి ఎంతసేపు ఆగగలరు, అది ఆర్‌టీఓ. ఓనరుగారు క్షణం కూడా ఆలోచించలేదు. “ఏమీ పోకూడదు, అస్సలు ఆగకూడదు, ఖర్చు అవ్వకూడదు.” కుర్రాడు మూడూ రాసుకున్నాడు. తర్వాత డీఆర్ సైటు ఎక్కడ పెడదామని అడిగాడు. “సైటా? అమరావతి పక్క గజం ఎంత పలుకుతోందో తెలుసా నీకు?”

సైటంటే స్థలం కాదని, ఇక్కడి సర్వర్ పోతే ఇంకో ఊళ్లో లేచి నిలబడే రెండో సర్వర్ అని ఒప్పించేసరికి రెండు రౌండ్ల టీలు అయ్యాయి. అప్పుడు కుర్రాడు 3-2-1 సూత్రం తీశాడు. పీటర్ క్రోగ్ అనే ఫొటోగ్రాఫర్ ప్రచారంలోకి తెచ్చిన మాట అది. మూడు కాపీలు ఉండాలి, రెండు రకాల పరికరాల మీద ఉండాలి, ఒకటి వేరే చోట ఉండాలి.

మేం అక్షరం పొల్లుపోకుండా పాటించాం. మొదటి కాపీ అజిత్‌సింగ్‌నగర్ గుడౌనులో, గ్రౌండ్ ఫ్లోర్ వెనక గదిలో ఉన్న సర్వర్. రెండోది అదే బల్ల కింద ఉన్న స్టోరేజ్ డబ్బా. మూడోది వేరే చోట, అంటే పాయకాపురంలో ఓనరుగారి బావమరిది ఇంట్లో, మంచం కింద. వేరే చోట అన్నారే గానీ ఎంత దూరమో సూత్రంలో లేదు. స్టాక్ ఎక్స్ఛేంజీలకైతే వాటి మీద పెత్తనం చేసే సెబీ లెక్క వేరు. రెండో కేంద్రం వేరే భూకంప మండలంలో ఉండాలి, కుదరకపోతే కనీసం 500 కిలోమీటర్ల దూరంలో ఉండాలి. మా ఓనరుగారికి అంత దూరంలో బంధువులు లేరు.

ఇవి చాలక, సూత్రాన్ని మించి నాలుగో కాపీ కూడా పెట్టాం. గుంటూరు బ్రాంచి గుమాస్తాగారు రోజూ సాయంత్రం ఒక హార్డ్‌డిస్క్‌లోకి డేటా ఎక్కించి, దాన్ని ఇంటికి తీసుకెళ్లి బీరువాలో పెట్టి తాళం వేస్తారు. దసరాకి ఆయుధపూజ చేసి నాలుగింటికీ పసుపు కుంకుమలు పెట్టాం. సర్వర్ చక్రాల కింద నిమ్మకాయలు కూడా పెట్టాం. గాలి పోయే జాలీలో కుంకుమ పడి ఫ్యాను రెండు రోజులు మూలిగింది. అది వేరే సంగతి.

ఇక డీడూప్లికేషన్. దీని మీద పుస్తకాలకు పుస్తకాలు రాశారు గానీ, గుంటూరులో పుట్టినవాడికి రెండు ముక్కల్లో చెప్పొచ్చు. ఒకే రేట్ల లిస్టు వంద మంది సేల్స్‌మెన్ దగ్గర ఉంటే, బ్యాకప్‌లో వంద లిస్టులు దాచక్కర్లేదు. ఒక్కటి దాచి, మిగతా తొంభై తొమ్మిది చోట్లా ‘అదిగో, అక్కడుంది’ అని చీటీ పెడితే చాలు. యంత్రం డేటాను చిన్న చిన్న ముక్కలుగా కోసి, ప్రతి ముక్కకూ వేలిముద్ర లాంటి ఒక సంఖ్య కడుతుంది. ఎస్‌హెచ్‌ఏ-256 అనే లెక్క వాడితే అది 256 బిట్ల సంఖ్య. ఆ ముద్ర ఇంతకుముందు చూసిందే అయితే ముక్కను పారేసి చీటీ మాత్రం ఉంచుకుంటుంది. బ్రాడీపేట 4/14 అన్నామనుకోండి. నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు. చోటు ఒక్కటే, దాని అడ్రసు రాసుకున్న శుభలేఖలు మాత్రం వెయ్యి.

ఇందులో ఒక తిరకాసు ఉంది. ముక్కల్ని కొలతపెట్టి సమానంగా కోశారనుకోండి. మున్సిపాలిటీ వాళ్లు రెండో లైనుకీ మూడో లైనుకీ మధ్య కొత్తగా ఒక లైను వేసినట్టే. మూడు నాలుగవుతుంది, నాలుగు ఐదవుతుంది, శుభలేఖలన్నీ పక్క లైను వాళ్ల ఇంటికి పోతాయి. ఫైలు మొదట్లో ఒక్క అక్షరం చేర్చినా ముక్కలన్నీ జరిగిపోయి, పాత డేటా అంతా కొత్త డేటాలా కనబడుతుంది. అందుకని తెలివైన సాఫ్ట్‌వేర్లు టేపు పెట్టి కొలవవు, వేపచెట్టు కనబడ్డ చోట, అంటే డేటాలోనే ఫలానా గుర్తు దొరికిన చోట, కోస్తాయి. మధ్యలో కొత్త ఇళ్లు లేచినా చెట్టు చెట్టే కదా.

ఇంకోటి కూడా ఉంది, అది బ్రోచర్లో రాయరు. ఇల్లు ఒక్కటే కాబట్టి అది కూలితే వెయ్యి శుభలేఖలూ చిత్తు కాగితాలే. ఒక ముక్క పాడైతే దాన్ని నమ్ముకున్న ముప్పై రోజుల బ్యాకప్‌లూ కుంటివే. ఏ చీటీ ఏ ఇంటిదో రాసుకున్న పుస్తకం పోతే, మిగిలేది ఊరు కాదు, ఇటుకల గుట్ట. ఆ పుస్తకాన్ని మేం అదే డబ్బాలో పెట్టాం. వెతుక్కోకుండా దగ్గర ఉంటుందని.

బ్రోచర్లో రాసేది ఇరవైకి ఒకటి అనే నిష్పత్తి, అంటే ఇరవై జీబీ డేటాని ఒక్క జీబీలో పట్టించామని. అదే లెడ్జర్‌ని ముప్పై రోజులు వరసగా ఫుల్ బ్యాకప్ తీస్తే ఇరవైకి ఒకటి ఎందుకు రాదు? ఆ గొప్ప యంత్రానిది కాదు, మనం చెప్పిందే చెప్పడానిది. మాకు పద్నాలుగుకి ఒకటి వచ్చేది. ఒక వారం ఉన్నట్టుండి దాదాపు ఒకటికి ఒకటి అయి కూర్చుంది. తెలిసినవాడికి అది గుండె జారే అంకె. ఎన్‌క్రిప్ట్ అయిన డేటాలో, అంటే తాళంచెవి లేనివాడికి అర్థం కాకుండా కలగాపులగం చేసిన డేటాలో, ఒకేలాంటి ముక్కలు దొరకవు. అంటే రాన్సమ్‌వేర్ అనే వైరస్ దూరి, డబ్బిస్తేనే తీస్తానని ఫైళ్లన్నిటికీ తాళాలు వేస్తూ ఉండొచ్చు. నేను పరిగెత్తుకుంటూ వెళ్లి చెప్పాను. ఓనరుగారు గ్రాఫ్ చూసి, “డిస్కు నిండుతోందంటే వ్యాపారం పెరుగుతున్నట్టే కదయ్యా” అన్నారు. తీరా చూస్తే, మా గుమాస్తాల్లో ఒకాయన భద్రత కోసమని ఫైళ్లన్నీ పాస్‌వర్డ్ పెట్టి జిప్ చేశాడు. పాస్‌వర్డ్ ఏంటని అడిగితే, భద్రత కోసమని ఎక్కడా రాసుకోలేదన్నాడు.

మమ్మల్ని చూసి నవ్వేవాళ్లు పెద్దింటివాళ్ల సంగతి కూడా తెలుసుకోవాలి. 2017 జనవరి 31న, ప్రోగ్రామర్లు తమ కోడ్ దాచుకునే గిట్‌ల్యాబ్ కంపెనీలో ఒక ఇంజనీరు పొరపాటున అసలు సర్వర్ మీదే డేటాబేస్ చెరిపేశాడు. 300 జీబీ దాకా పోయింది. బ్యాకప్‌కి ఐదు పద్ధతులు పెట్టుకున్నారు, ఏదీ సరిగ్గా పనిచేయలేదు. బ్యాకప్ ఫెయిలవుతోందని మొత్తుకునే ఈమెయిళ్లు గుమ్మంలోనే తిరస్కరణకు గురయ్యాయి. చివరికి అంతకు ఆరు గంటల ముందు వేరే పని మీద తీసిన కాపీ ఒకటి ఒడ్డున పడేసింది. 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ అనే క్లౌడ్ కంపెనీ డేటా సెంటర్ కాలిపోయినప్పుడు, కొందరి డేటాతోపాటు బ్యాకప్ కూడా అదే ఆవరణలో ఉందని తేలింది. 2025 సెప్టెంబర్‌లో దక్షిణ కొరియా డేజన్‌లో ప్రభుత్వ డేటా సెంటర్ తగలబడి ఉద్యోగుల ఫైళ్లు 858 టీబీ బూడిదయ్యాయి. బయట కాపీ ఎందుకు లేదయ్యా అంటే, మరీ ఎక్కువ డేటా కాబట్టి అన్నారు. మా ఓనరుగారు ఆ వార్త చదివి, “వాళ్లకు ఖర్చు విలువ తెలుసు” అని మెచ్చుకున్నారు.

మా వంతు 2024 సెప్టెంబర్ 1, ఆదివారం వచ్చింది. బుడమేరు వాగు పొంగి వచ్చి అజిత్‌సింగ్‌నగర్‌లో కూర్చుంది. సర్వరూ, బల్ల కింద డబ్బా, నిమ్మకాయలూ ఏకకాలంలో మునిగాయి. నిమ్మకాయలు తేలాయట. పాయకాపురం డీఆర్ సైటుకి ఫోన్ చేశాం. బావమరిదిగారు డాబా మీద నుంచి మాట్లాడారు. “బావా, మంచమే కనబడట్లేదు, మంచం కింద డబ్బా సంగతి నాకేం తెలుసు. డ్రోన్‌లో పాల ప్యాకెట్లు వస్తున్నాయంటున్నారు, మా వీధికి వచ్చేట్టు ఎవరికైనా చెప్పించు.” మర్నాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు, ఎన్నడూ చూడనంత నీరు. ఆ ఊపులో కూడా ఓనరుగారు చలించలేదు. గుంటూరు బీరువా ఉందిగా!

నాలుగో రోజు బ్రాడీపేట వెళ్లాం. గుమాస్తాగారు స్నానం చేసి వచ్చి బీరువా తీశారు. పట్టుచీరల కింద, తెల్ల తువ్వాలులో చుట్టి, పసుపు బొట్టుతో హార్డ్‌డిస్క్. లాప్‌టాప్‌కి తగిలించాను. పద్నాలుగు నెలలు, ఒక్క రోజు కూడా మిస్ కాకుండా, తేదీ వేసిన ఫోల్డర్లు. ఓనరుగారి కళ్లలో నీళ్లు. మొదటి ఫోల్డర్ తెరిచాను. లోపల ‘డేటా’ అనే ఐకాన్ ఒకటి, దాని మూలన చిన్న వంకర బాణం గుర్తు. సైజు 2 కేబీ. రెండోది తెరిచాను, బాణం. మూడోది, బాణం.

గుమాస్తాగారు రోజూ తన డెస్క్‌టాప్ మీది షార్ట్‌కట్‌ని కాపీ చేశారు. డేటాని కాదు, డేటా ఎక్కడుందో చెప్పే చీటీని. ఆ చీటీ ఇప్పటికీ నిజమే చెబుతోంది: అజిత్‌సింగ్‌నగర్, వెనక గది, నీళ్ల కింద.

“నేనెప్పుడూ మానలేదండీ,” అన్నారాయన. “జ్వరం వచ్చినా చేశా. రెండు సెకన్లలో అయిపోయేది. మీ సర్వర్ ఎంత స్పీడోనని మా ఆవిడతో కూడా అనేవాణ్ణి.”

లెక్క వేసి చూశాను. 420 జీబీ డేటా, 2 కేబీలో. నిష్పత్తి 21 కోట్లకు 1. ఇరవైకి ఒకటని బ్రోచర్లు వేసుకునే కంపెనీలు బ్రాడీపేట వచ్చి ఆయన కాళ్లకు దండం పెట్టాలి.

తర్వాత రీస్టోర్ జరిగింది, షాపులవాళ్ల జ్ఞాపకశక్తి నుంచి. మేం బాకీ ఉన్నవాళ్లందరి దగ్గరా బిల్లులు ఉన్నాయి, కొన్ని లామినేషన్ చేయించి మరీ. మాకు బాకీ ఉన్నవాళ్ల పుస్తకాలు మాత్రం వరదలో కొట్టుకుపోయాయి. మాచర్ల పార్టీ పుస్తకాలు కూడా పోయాయట. బుడమేరు మాచర్ల దాకా వెళ్లిందనడానికి లిఖితపూర్వక ఆధారం రాష్ట్రంలో మా దగ్గర ఒక్కటే ఉంది.

ఇప్పుడు కొత్త సర్వర్ పటమటలో మూడో అంతస్తులో ఉంది. ఒక కాపీ రోజూ వేరే రాష్ట్రానికి వెళుతోంది, ఎవరూ చెరపడానికి వీల్లేకుండా తాళం వేసి. ప్రతి నెలా మొదటి ఆదివారం రీస్టోర్ చేసి చూడాలని, చూసినట్టు రిజిస్టర్లో సంతకం పెట్టాలని టై కుర్రాడు రాసిచ్చి పోయాడు. అల్లుణ్ణి సర్టిఫికెట్ అడగడమే ఇది. మొదటి నాలుగు నెలల సంతకాలూ నావే, ఒకే పెన్నుతో, ఒకే మధ్యాహ్నం. ఓనరుగారు రిజిస్టర్ తిరగేసి చాలా సంతోషించారు. ఇది పోతే కష్టమని జెరాక్స్ తీయించమన్నారు. మూడు సెట్లు తీయించాను. ఒకటి గుంటూరు బీరువాలో ఉంది.